చెట్లు పడిపోయిన సంగతి ఏదీ?

పాలకొల్లు

చిరంజీవికి ఆశీస్సులు.

టీవీ సీరియళ్ళలో బాలనటుడిగా వేసిన కోనసీమ కుర్రాడి మీద నువ్వు రాసి పంపిన రాతప్రతి అందింది. కాగితం మీద వచ్చింది కాబట్టి చదివాను. జవాబు రాసే ఉద్దేశం మాత్రం లేదు, ఈ మధ్య ఎవరికీ రాయడం లేదు. కానీ తొమ్మిదో పేజీ దగ్గర కోపం వచ్చింది. కోపం వచ్చాక ఊరుకోవడం నాకు చేతకాదు.

"1996 నవంబరులో ప్రతి సాయంత్రం ఊరు ఊరంతా టీవీ ముందు చేరి, తమ బుడతడు ఎప్పుడు ఆ తెర మీదికి వస్తాడా అని కలలు కనేది" అని రాశావు. ఏ ఊరు నాయనా అది? ముమ్మిడివరం పక్కనే అని రెండో పేజీలో నువ్వే చెప్పావు. ఆ ఏడాది నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను ఊడ్చేసింది. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. చాలా ఊళ్ళు వారాల తరబడి కిరసనాయిలు దీపాలతో గడిపాయి. ఇళ్ళకు పైకప్పులే లేని ఆ నెలలో నీ ఊరివాళ్ళు యాంటెన్నా దేనికి కట్టుకున్నారు? కరెంటు ఎవరిచ్చారు?

తేదీయే కదా, నవంబరు కొట్టేసి ఆగస్టు అని పెడితే సరి అంటావేమో. సరిపోదు. పదకొండో పేజీలో "1997 సంక్రాంతి వెళ్ళగానే కళ పిలిచింది, తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని హైదరాబాదు బస్సెక్కింది" అన్నావు. తండ్రికి ఎకరంన్నర కొబ్బరితోట అని మూడో పేజీలో ఉంది. ఈ మూడు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూడు. నవంబరులో తుపాను, జనవరిలో ప్రయాణం. ఆ మధ్యలో పిలిచింది కళేనా? తోట పడిపోయింది. కొబ్బరి మొక్క కొత్తగా పాతితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళూ ఆ ఇల్లు దేనితో గడిచింది? తొమ్మిదేళ్ళ కుర్రాడి కాల్షీట్లతో, అంటే షూటింగు రోజుల సంపాదనతో. నీ పుస్తకమే అది. నలభై పేజీలు రాసి ఆ ఒక్క సంగతీ రాయలేదు.

పైగా వాడి పేరుప్రతిష్ఠలు "పాశర్లపూడి బ్లోఅవుట్‌లా ఆకాశాన్ని అంటుకున్నాయి" అని ఒక అలంకారం. నువ్వు పుట్టకముందు సంగతి కాబట్టి చెబుతున్నాను. పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ వాళ్ళ గ్యాసు బావి 1995 జనవరి 8న ఎగదన్నింది. మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల జనం ఇళ్ళు వదిలి పిల్లా జెల్లా పశువులతో వెళ్ళిపోయారు. దాన్ని తెచ్చి టీవీ కుర్రాడి పేరుకి ఉపమానం చేస్తావా? ఆ ఇంటికి సంబంధం లేని మంట కథలోకి వచ్చింది, ఆ ఇంటిని కూల్చిన గాలి మాత్రం రాలేదు.

బాగున్నది కూడా ఒకటుంది, చెప్పేసి ముందుకు పోతాను. ఇప్పుడు అంబాజీపేటలో కొబ్బరి కమీషను కొట్టులో లెక్కలు చూసుకునే ఆ మనిషి, ఎవరైనా వయసు అడిగితే ఒక్క క్షణం ఆగి లెక్క కట్టుకుంటాడని రాశావు. షూటింగుల కోసం తల్లి ఎప్పుడూ రెండేళ్ళు తగ్గించి చెప్పేదట. ఏది అసలు వయసో ఇప్పటికీ చప్పున గుర్తు రాదట. అతను చెప్పాడో, నువ్వు కల్పించావో గానీ, అది చదివి కాసేపు కాగితాలు పక్కన పెట్టాను. నువ్వు మాత్రం ఆ వెంటనే గౌతమి మీద వెన్నెల మొదలుపెట్టావు. పేజీన్నర వెన్నెల!

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. నేను కొన్నాళ్ళు హైదరాబాదులో ఒక డైలీ సీరియల్‌కి మాటలు రాశాను. నా పుస్తకాల వెనక అట్టల మీద ఆ సంగతి ఉండదు. వారపత్రికలు కథకి ఇచ్చే డబ్బు టపా ఖర్చులకు బొటాబొటిగా సరిపోయేది. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన పిల్ల ఉంది. వెళ్ళాను. అక్కడ మాటలు రాయడమంటే ఇంట్లో తాపీగా కూర్చుని రాయడం అనుకునేవు. పొద్దున్నే సెట్‌కి వెళ్ళాక, నటులకు మేకప్ అవుతుండగా సీను రాసి ఇవ్వాలి. ప్రాంప్టరు ఆ కాగితం లాక్కుని కెమెరా పక్కన నిలబడి చదువుతాడు, నటులు వింటూ చెబుతారు. పెద్దవాళ్ళు తడబడేవారు. పిల్లలు తడబడగా నేను చూడలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె, మేనత్త పన్నిన కుట్ర గురించి అరపేజీ మాటలు ఒక్కసారి వింటే చాలు, నేను పెట్టిన కామాలతో సహా అప్పజెప్పేది. ఏడవమంటే ఏడ్చేది. ఏడుపు కాగానే కళ్ళు తుడుచుకుని, "అంకుల్, ఇవాళ టిఫిను పూరీయేనా?" అని ప్రొడక్షన్ కుర్రాళ్ళ వెంట పడేది. ఆ ఏడుపులో ఎంత బాధ ఉందో నేను చెప్పలేను. పూరీ మీద ధ్యాస మాత్రం అచ్చమైనది. నువ్వు రాసిన కుర్రాడు నలభై పేజీల్లో ఒక్క పూటైనా అన్నం తినలేదు.

చాలాసార్లు ఆ పిల్లల గొంతులు కూడా వాళ్ళవి కావు. డబ్బింగు గదిలో ఎవరో పెద్దావిడ కూర్చుని పసిగొంతు పెట్టి చెప్పేది. మీవాడి గొంతు ఎవరిది? టీవీలో మనవణ్ణి చూసిన ముసలమ్మ ఆ గొంతు విని ఏమంది? అడిగావా?

ఇక ఆ పని ఎలా పోయిందన్నది. "కాలం కాటేసింది" అని రెండు ముక్కల్లో తేల్చేశావు. సీరియల్ నీరసపడి రేటింగు జారినప్పుడు లీపు వేస్తారయ్యా. తెర మీద 'పన్నెండేళ్ళ తరువాత' అని పడుతుంది. పిల్లవాడు సైకిలు తొక్కుతూ వీధి మలుపు తిరుగుతాడు, అటు నుంచి మోటారుసైకిలు మీద హీరో వస్తాడు. నేనూ అలాంటిది ఒకటి రాశాను. శుక్రవారం తీశారు. సోమవారం నుంచి ఆ పిల్లవాడికి కాల్షీటు లేదు. ఆ పని అయిపోయిందని ఎవరూ కాగితం ఇవ్వరు, మేనేజరు నుంచి ఫోను రావడం ఆగిపోతుంది, అంతే. వాళ్ళమ్మ బుధవారం దాకా పిల్లవాడికి తల దువ్వి, బట్టలు వేసి, వరండాలో కూర్చోబెట్టిందని తరవాత మేకప్ మనిషి చెప్పాడు. ఏ కొలువులోనైనా ఏళ్ళు గడిచేకొద్దీ అనుభవజ్ఞుడు అంటారు. ఇందులో నాలుగు అంగుళాలు ఎదిగితే పంపించేస్తారు. ఆ బుధవారం రాయి. ఆ నెల ఇంటి అద్దె ఎవరు కట్టారో రాయి. పాత పేమెంటు ఎన్ని నెలలకు వచ్చింది, అసలు వచ్చిందా, ఎవరి చుట్టూ తిరిగితే వచ్చింది, అవి రాయి.

ఎవరి గురించి రాసినా ముందు వాళ్ళ డబ్బు లెక్క రాసుకోమంటాను. ఎంత వచ్చింది, ఎవరి చేతికి వచ్చింది, దేనికి పోయింది. ఇదంతా తెలుసుకోకుండా మనిషి మనసులోకి దూరిపోయే రచయితను నేను నమ్మను. ఇది నా పిచ్చి అంటారు మిత్రులు. అననీ.

అమెరికాలో జాకీ కూగన్ అనే కుర్రాడు 1921లో చాప్లిన్ పక్కన నటించి లోకమంతటికీ తెలిశాడు. పెద్దయ్యాక చూసుకుంటే అతని సంపాదనను తల్లీ, మారుతండ్రీ హారతి కర్పూరం చేసేశారు. 1938లో కోర్టుకెక్కాడు. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదన కొంత వాళ్ళ కోసం దాచాలని చట్టం తెచ్చారు. మన సంగతి చూడు. 1986 నాటి బాలకార్మిక చట్టంలో సీరియల్ పిల్లల డబ్బు దాచే ఊసే లేదు. 2016లో దాన్ని సవరించి, 2017లో నిబంధనలు రాశారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల చేత రోజుకి 5 గంటలకు మించి నటింపచేయకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించి పని పెట్టకూడదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి, మేజరయ్యాక అది వాళ్ళ చేతికి రావాలి. మీవాడు నటించిన రోజుల్లో ఇదేదీ లేదు.

ఇది నీకెందుకంటే, చివరి అధ్యాయంలో అతని కూతుర్ని ఏదో సీరియల్‌కి అడిగితే "పాత గాయాలు భగ్గుమని" తండ్రి వద్దన్నాడని రాశావు. పగలంతా వెయ్యి కాయలకు ధర ఎంత, దింపు కూలి ఎంత, వలుపు కూలి ఎంత అని లెక్కలు కట్టే మనిషి అతను. గాయాలు భగ్గుమనడానికి ముందు, ఆ ఇరవై శాతం ఏ బ్యాంకులో వేస్తారని అడగడా? అడిగి, అప్పుడు వద్దంటే నేను అతన్ని నమ్ముతాను.

బాలనటుడు అనగానే కూలిపోవాలి, తాగాలి, పాత ఫొటోలు చూసి ఏడవాలి అని ఒక ఫ్యాషను వచ్చింది. ఎవరు పెట్టారో! దూరదర్శన్‌లో శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్'లో స్వామిగా వేసిన మాస్టర్ మంజునాథ్ పెద్దయ్యాక నటన వదిలేసి ఉద్యోగంలో స్థిరపడ్డాడు, దిక్కులేనివాడేమీ కాలేదు. 2008లో మొదలైన 'బాలికా వధు'లో చిన్నపిల్లగా వేసిన అవికా గోర్‌నూ లీపు వేసే మార్చారు. ఆ పిల్ల 2013లో మన తెలుగు సినిమాకే కథానాయిక అయింది. ఇక నేనున్న ఊరు పాలకొల్లు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళే. వాళ్ళని చూసి వెళ్ళి, ఏమీ కాక తిరిగి వచ్చినవాళ్ళు వీధికొకరు ఉండేవారు. ఒకాయన ఎరువుల కొట్టు పెట్టాడు, ఒకాయన నరసాపురం లేసు వ్యాపారంలో చేరాడు. సాయంత్రం కాలవ గట్టు మీద కూర్చుని మద్రాసు కబుర్లు చెప్పేవారు, అవి విని మేము పడీపడీ నవ్వేవాళ్ళం. తమని పతనమైన తారలంటే వాళ్ళు నిన్ను కాలవలో ముంచేవారు. అంబాజీపేటలో లెక్కలు రాసుకోవడం పతనమని నీకెవరు చెప్పారు? ఆ కొట్టు యజమాని వింటే నొచ్చుకుంటాడు.

నీ తప్పు మొత్తం నీది కాదులే. ఇవన్నీ సంపాదకులు నేర్పే విద్యలు. నా కథ ఒకదానికి ఒక వారపత్రికలో చివరి పేరా కోసేసి, కొసమెరుపు కావాలని నాయికను చంపేశారు. అచ్చయ్యాక చదివి తెలుసుకున్నాను ఆవిడ పోయిందని. ఇంకొకాయన, ఈయన ఈ కాలంవాడే, "మీ గోదావరి వెటకారం కాస్త తగ్గింది మాస్టారూ, పులస కూడా ఎక్కడా లేదు" అని కథ తిప్పి పంపాడు. వాళ్ళకి కోనసీమ అంటే పులస, పూతరేకు, పడవ, పంచెకట్టు. నీ రాతలోనూ పులస రెండుసార్లు వచ్చింది, రెండోసారి మే నెలలో. గోదావరికి వరదల ఎర్రనీరు రాకుండా పులస ఎలా వచ్చిందో ఆ సంపాదకుణ్ణే అడగాలి.

ఆ తల్లి గురించి ఒక మాట. ఆమెను బిడ్డ సొమ్ము తిన్న రాక్షసిని చేశావు. చదివేవాళ్ళకి తిట్టుకోవడానికి ఒకరు దొరుకుతారు, సరే. కానీ ఇరవై ఆరో పేజీలో, 2004లో ఆ తోట మళ్ళీ కాపుకొచ్చిందని ఒక ముక్క అనుకోకుండా రాసేశావు. మొక్కలు ఎవరు కొన్నారు? గోతులు తీసిన కూలి, ఎరువు, కాపు వచ్చేదాకా నీళ్ళు పెట్టిన పాలేరు జీతం ఎక్కడి నుంచి వచ్చాయి? హైదరాబాదులో పిల్లవాడు ఏడిస్తే వచ్చిన డబ్బు ఇక్కడ మట్టిలోకి వెళ్ళింది. ఆమె తిన్నదేమీ నాకు కనిపించలేదు. అలాగని దేవతను చేసి కూర్చోకు, అదింకా ప్రమాదం. కూర్చోబెట్టి అడుగు, బతికే ఉంది కదా.

పోటీకి పంపనా, ముందుమాట రాస్తారా, మాండలికం ఎంత ఉండాలి అని ఏవేవో అడిగావు. వాటి సంగతి తరవాత. 'గురువుగారూ' అని రాయకు, నేను ఎవరికీ పాఠం చెప్పలేదు. ఈసారి పంపేటప్పుడు అక్షరాలు కొంచెం పెద్దవి చేయించు, కాగితానికి ఒకవైపే ఉండాలి.

ముందు ఒక పని చెయ్యి. నీ కథలో ఆ మనిషికి ఒక అన్న ఉన్నాడు, ఊళ్ళోనే ఉంటాడన్నావు. తమ్ముడేమో పక్కవాళ్ళ కొట్టులో జీతానికి ఉన్నాడు. ఆ ఎకరంన్నర ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? రెవెన్యూ వాళ్ళ భూమి లెక్క, అడంగల్, తీయించి చూడు. సర్వే నంబరు తెలియకపోతే వాళ్ళమ్మనే అడుగు, ఆవిడకి నోటికి వచ్చి ఉంటుంది. అది చూశాక పదకొండో పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టు.

ఇట్లు,
మీ పాలకొల్లు మాస్టారు