ట్రైలర్‌లో కుళాయి కట్టేసినా పంపు మోగుతోందా? కొత్తది కొనే ముందు ఒక బకెట్ తెచ్చుకోండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. విజయనగరంలో బాడీ కట్టించుకున్న చిన్న ట్రైలర్, లోపల 100 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల పంపు. కుళాయి కట్టేసి ఉన్నా రెండు మూడు నిమిషాలకోసారి పంపు టకటకమని మోగి ఆగుతోంది. కుళాయి విప్పితే నీళ్లు దగ్గుతున్నట్టు గాలితో కలిసి వస్తున్నాయి. మెకానిక్ పంపు పోయిందన్నాడు. వచ్చే వారం అమ్మానాన్నలని తీసుకుని అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం చూసి బారువ దాకా వెళ్లాలి. ఈలోపు ఏం చెయ్యాలి, దారిలో ట్యాంకులో ఎక్కడి నీళ్లు పోసుకోవాలి అని అడిగారు.

కొత్త పంపు ఇప్పుడే కొనకండి. డబ్బు దండగని మాత్రమే కాదు, కొత్తది వేశాక కూడా అదే చప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ. మాకు అలాగే జరిగింది.

మాదీ అలాంటి ట్రైలరే, బొలెరో వెనక కట్టుకుని తిరుగుతాం. బండి తోలడం మా ఆయన పని, నీళ్ల సంగతి మొత్తం నాది. మొదటి ఏడాది కళింగపట్నం దగ్గర ఒక రాత్రి ఆగాం. మా అత్తగారు పడుకునే బల్ల కిందే పంపు. రెండు నిమిషాలకోసారి టకటక, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ టకటక. ఆవిడ ఆ రాత్రంతా కునుకు తియ్యలేదు. మర్నాడు ఒకతని మాట విని కొత్త పంపు వేయించాం. నెల తిరక్కుండా మళ్లీ అదే గోల. అప్పుడు దాన్ని విప్పించి, కాశీబుగ్గలో జీడితోటలకి మందుకొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన దగ్గరికే ఎందుకంటే, మన ట్రైలర్ పంపూ ఆ స్ప్రేయర్‌లో ఉండేదీ ఒకే జాతి. లోపల రబ్బరు పొర ఒకటి కిందికీ పైకీ ఆడుతూ నీళ్లు లాగి తోస్తుంది. ముందు భాగంలో ప్రెషర్ స్విచ్ ఉంటుంది. కుళాయి కట్టేస్తే పైపులో ఒత్తిడి పెరుగుతుంది, పంపు మీద రాసి ఉన్న అంకెకి చేరగానే (ఎక్కువ పంపుల మీద 35 నుంచి 55 పీఎస్ఐ మధ్య ఉంటుంది) మోటారు ఆగిపోతుంది. కుళాయి విప్పితే ఒత్తిడి పడిపోయి మళ్లీ తిరుగుతుంది. తోటలో స్ప్రేయర్ మీట వదిలెయ్యగానే మోటారు దానంతటదే ఆగుతుంది చూడండి, అదే ఇది. అంటే కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పంపు మోగిందంటే పైపులో ఒత్తిడి ఎటో జారిపోతోందని అర్థం. మోటారు తన పని తను చేస్తోంది.

ఆయన నాలుగు మరలు విప్పి పంపు తల తీసి, లోపలి వాల్వ్ బిళ్లని అరచేతిలో పెట్టి నాకు చూపించారు. రబ్బరు రేకు కింద ఒక తెల్లటి ప్లాస్టిక్ చుట్ట ఉంది. గోరు అంచు కత్తిరిస్తే వచ్చేంత ముక్క. ట్యాంకుకి పైపు కోసం డ్రిల్లుతో కన్నం పెట్టినప్పుడు లోపల పడిన పొట్టు అది. ట్యాంకు కడగకుండా బిగించేశారు, పంపు ముందు జల్లెడ కూడా పెట్టలేదు. ఆయన గుండుసూదితో ఆ ముక్క తీసి, "పంపుకేటీ అవలేదమ్మా, ఇది నోరు మూసుకోలేకపోతంది, అంతే" అన్నారు. పాత పంపు కూడా విప్పించాను, అందులోనూ ఇలాంటి పొట్టే. ఆ పాత పంపే ఇప్పటికీ మా ట్రైలర్‌లో తిరుగుతోంది, కొత్తది స్పేర్‌గా డిక్కీలో ఉంది.

మీ విషయానికొస్తే, మీరు చెప్పినవి రెండు వేర్వేరు ఫిర్యాదులు. ఒకే రోగం అనుకుంటే దారి తప్పుతాం. కుళాయి కట్టేసినా మోగడం పంపు దాటిన తర్వాతి వైపు సంగతి, లేదా పంపు లోపలి వాల్వ్ సంగతి. నీళ్లు దగ్గుతూ రావడం పంపుకి ముందు, అంటే ట్యాంకు వైపు సంగతి.

ముందు మోగడం చూద్దాం. పంపు నుంచి నీళ్లు బయటికొచ్చే వైపు దగ్గర్లోనే ఒక బాల్ వాల్వ్ ఉంటే దాన్ని మూసెయ్యండి. లేకపోతే పెట్టించండి, చాలా చిన్న ఖర్చు. మూశాక పంపు మోగి ఆగి, ఇక నోరెత్తకుండా ఉంటే పంపు బాగున్నట్టే, లీకు ముందుకెళ్లే పైపుల్లో ఉంది. వాల్వ్ మూసినా మోగుతూనే ఉంటే పంపు లోపలి ఎన్నార్వీ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వ్) పట్టడం లేదు, నీళ్లు వెనక్కి ట్యాంకులోకి జారుతున్నాయి. అప్పుడు తల విప్పి నలక తీయించండి.

లీకు పైపుల్లోనే అని తేలితే ప్రతి జాయింటు కింద పాత పేపరు ముక్క పరిచి గంట వదిలెయ్యండి. కంటికి కనపడని చెమ్మ కూడా పేపరు మీద మచ్చగా కనిపిస్తుంది. నా అనుభవంలో మొదట పట్టుకోవాల్సింది బాత్రూంలో జెట్ స్ప్రే. దాని మీట చిన్న చిన్న బొట్లు వదులుతూ ఉంటుంది, అవి నేరుగా నేల జాలీలోకి పోతాయి కాబట్టి ఎవరూ చూడరు. ఇంట్లో ఓవర్‌హెడ్ ట్యాంకు మీద నడిచేటప్పుడు ఇది లెక్కలోకి రాదు, ఇక్కడ ప్రతి బొట్టుకీ పంపు సమాధానం చెప్పాలి. వాడనప్పుడు జెట్ స్ప్రే వెనక గోడ దగ్గరున్న చిన్న కుళాయి (యాంగిల్ కాక్) కట్టేసి చూడండి. చాలామందికి అక్కడితోనే చప్పుడు ఆగిపోతుంది.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకండి. ప్రెషర్ స్విచ్ మీద చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే చప్పుడు తగ్గినట్టు అనిపిస్తుంది. లీకు అలాగే ఉంటుంది, కుళాయిలో ధార పోతుంది.

ఇక దగ్గు. బకెట్ దీనికోసమే. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపుని ట్యాంకు దగ్గర ఊడదియ్యండి (ముందు ట్యాంకు ఖాళీ చేసుకోవాలి, లేదా ట్యాంకు దగ్గర వాల్వ్ ఉంటే మూసుకోవాలి). ఆ పైపు చివర నిండు బకెట్లో ముంచి పంపు ఆన్ చేసి కుళాయి విప్పండి. నీళ్లు తెగకుండా ధారగా వస్తే మీ పంపూ పైపూ రెండూ శుభ్రం, దోషం ట్యాంకు దగ్గరున్న జాయింటులోనో ట్యాంకులోనో ఉంది. బకెట్లోంచి కూడా దగ్గుతూనే వస్తే బకెట్‌కీ పంపుకీ మధ్య ఎక్కడో గాలి లాగుతోంది. ఎక్కువగా అది జల్లెడ గిన్నె దగ్గరే ఉంటుంది. లోపలి రబ్బరు రింగు మడతపడినా, దుమ్ముపట్టినా గాలి దూరుతుంది. రింగు తీసి తుడిచి, సరిగ్గా గాడిలో కూర్చోబెట్టి చేత్తోనే బిగించండి, పానా వాడితే గిన్నె పగులుతుంది. గిన్నె మరీ నిండా చెత్త పట్టి ఉన్నా నీళ్లు అందక ఇలాగే అవుతుంది.

ఈ వైపు లీకులో ఉన్న కష్టం ఏమిటంటే చుక్క కూడా కారదు. పంపు లాగే వైపు కాబట్టి నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. అందుకే ఎంత వెతికినా తడి కనపడదు. నేను పంపు ముందు ఒక అడుగు మేర పారదర్శకంగా ఉండే పైపు వేయించుకున్నాను. బుడగలు వస్తున్నాయో లేదో టార్చి కొట్టి చూస్తే తెలిసిపోతుంది.

ట్యాంకుకి గాలి గొట్టం ఉందో లేదో కూడా చూడండి. నీళ్లు బయటికెళ్తుంటే వాటి చోటులోకి గాలి రావాలి. మా ట్రైలర్ వర్షాకాలం నాలుగు నెలలు షెడ్డులో ఉంది. తీసేసరికి ఆ గొట్టం మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టేసింది. పంపు తిరుగుతోంది, నీళ్లు సన్నగా వస్తున్నాయి, ట్యాంకు పక్కలు లోపలికి పీక్కుపోయాయి. పుల్లతో గూడు పొడిస్తే ట్యాంకు ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు చప్పుడైంది. ఇప్పుడు దోమతెర ముక్క రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచుతున్నాను.

కరెంటు సంగతి క్లుప్తంగా చెప్తాను. పంపు తిరుగుతున్నప్పుడే దాని వైర్ల దగ్గర మల్టీమీటరు పెట్టి చూడాలి, ఆగి ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలీదు. పంపు 7 ఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీ 5 మీటర్ల దూరం అనుకుంటే, పోవడానికీ రావడానికీ కలిపి వైరు 10 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు వైరులో దారిలోనే ఒకటింపావు వోల్టు పోతుంది. 2.5 వేస్తే పోయేది అర వోల్టు. వోల్టులు తగ్గితే పంపు ఆగాల్సిన ఒత్తిడికి చేరలేక తిరుగుతూనే ఉంటుంది. మన సముద్రపు గాలికి చాసిస్ మీద బిగించిన ఎర్త్ త్వరగా తుప్పు పడుతుంది, నెగటివ్‌కి కూడా విడిగా వైరు లాగించండి. ఫ్యూజు పంపు మీద రాసినంతే వెయ్యాలి, కొట్టేస్తోందని పెద్దది వెయ్యకూడదు.

బండి కదిలే ముందు, పడుకునే ముందు పంపు స్విచ్ కట్టెయ్యడం అలవాటు చేసుకోండి. ఒకసారి గతుకుల రోడ్డులో మాకు జాయింటు ఊడింది. స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఒత్తిడి పడిపోయింది కాబట్టి కుళాయి ఎవరో విప్పారనుకుని పంపు ట్యాంకు మొత్తం మా పరుపుల కింద తోడేసింది. ఆ రాత్రి అత్తగారిని బంధువుల ఇంట్లో పడుకోబెట్టాల్సి వచ్చింది.

దారిలో ఎవరింటి దగ్గరైనా పైపు తగిలించి కుళాయిలకి నేరుగా నీళ్లు తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. కానీ 20 అడుగుల ఎత్తున ఉన్న ట్యాంకు ఇచ్చే ఒత్తిడి 9 పీఎస్ఐ లోపే. షవరు సరిగ్గా రాదు. దానికంటే ఆ పైపుతో మీ ట్యాంకు నింపుకుని పంపు మీద నడుపుకోవడం మేలు. ప్రెషర్ పంపు ఉన్న ఇల్లయితే మాత్రం ముందు ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టండి. పైపు తగిలించినప్పుడు మీ ట్యాంకు దానంతటదే నిండి పొంగిందంటే అది కూడా పంపు లోపలి ఎన్నార్వీ పట్టడం లేదనడానికి గుర్తే.

ఎక్కడి నీళ్లు అన్నది నేను తేలిగ్గా తీసుకోలేని ప్రశ్న. మా పుట్టిల్లు పలాస వైపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను అక్కడే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేక బోర్లు ఆగిపోతే జనరేటర్ వచ్చేదాకా వీధిలో బిందెలు వరస పెట్టుకుని కూర్చున్నాం. బారువ వెళ్లే దారిలో మీరు దాటేది ఉద్దానం. ఏళ్ల తరబడి అక్కడ కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు కుంగిపోయాయో మీకు తెలిసే ఉంటుంది. కారణం ఇదీ అని పూర్తిగా తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఇచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. కాబట్టి అటువైపు నింపాల్సి వస్తే బోరు కంటే ఆ పైపు నీళ్లు అడగండి, ఎవరూ కాదనరు. ఇంకా మంచిది, బయలుదేరేటప్పుడే ఇంటి దగ్గర నింపుకోవడం.

ట్యాంకు నీళ్లు స్నానానికీ గిన్నెలకీ మాత్రమే. అమ్మానాన్నలకి తాగడానికీ వంటకీ 20 లీటర్ల క్యాన్ వేరే పెట్టండి. సముద్రం పక్క బోర్లు కొన్ని ఉప్పగా ఉంటాయి. చిన్న టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ఉంటే ముంచి చూడండి. తాగునీటికి మన ప్రమాణం 500, వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు. క్రిములున్నాయో లేదో ఆ మీటరు చెప్పదు, అది గుర్తుంచుకోవాలి.

వెళ్లే ముందు ట్యాంకు ఒకసారి శుద్ధి చేసుకోండి. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 100 మి.లీ. మీ 100 లీటర్లకి సరిపోతుంది. ఫిల్టర్ కార్ట్‌రిడ్జ్ ఉంటే ముందు తీసెయ్యాలి. ప్రతి కుళాయీ విప్పి వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి, రాత్రంతా ఉంచండి. పొద్దున్న ఖాళీ చేసి, వాసన పోయేదాకా రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడగండి. బ్లీచింగ్ పౌడరు నేరుగా వెయ్యకండి, దాని సున్నపు మడ్డి జల్లెడలో పేరుకుంటుంది.

వాడిన నీళ్లు శ్రీముఖలింగం దగ్గర వంశధార గట్టున వదలకండి. కింద ఒక డబ్బా పెట్టుకుని, తర్వాత ఏ కొబ్బరిచెట్టు మొదట్లోనో పోసెయ్యండి.

బకెట్‌తో చూశాక ఏం తేలిందో రాయండి. మీ ట్యాంకు ఇరుసు మీదుందా, వెనకుందా అన్నది కూడా చెప్పండి. 100 లీటర్లంటే 100 కిలోలు. అది వెనక ఉంటే నిండినప్పుడు హుక్కు మీద బరువు తగ్గి, హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. అలా అయితే మీ ప్రయాణంలో ఏ సామాను ముందుకి జరపాలో కలిసి లెక్కేసుకుందాం.