ఈని రెండు నెలలైనా ఆవు ఎదకు రాలేదేం?

చాలాసార్లు ఎద వచ్చే ఉంటుంది, మనమే గమనించం. చూడితో ఉన్నంతకాలం ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఎదను ఆపి ఉంచుతుంది. ఈనే సమయానికి అది పడిపోతుంది, ఈనిన కొద్ది రోజుల్లోనే అండాశయంలో కొత్త అండం ఎదగడం మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాడి ఆవులో మూడు, నాలుగు వారాలకు మొదటి అండం విడుదలవుతుంది. కానీ అది ఎక్కువగా మూగ ఎద: అరుపులు, మానం నుంచి జారే జిగురు తీగలు కనిపించవు. తర్వాత సుమారు 21 రోజులకోసారి ఎద తిరుగుతుంది.

నిజంగానే రాకపోతే ముందు మేత చూడండి. పాలు ఎక్కువిచ్చే ఆవు తిన్నదానికంటే ఎక్కువ శక్తి పాలలో పోగొట్టుకుని చిక్కిపోతుంది. అప్పుడు మెదడు నుంచి వచ్చే ఎల్‌హెచ్ హార్మోన్ తగ్గి, అండం విడుదల కాదు. ఎముకలు తేలుతుంటే ఇదే కారణం కావచ్చు. గర్భసంచి మామూలు స్థితికి రావడానికే దాదాపు 40 రోజులు పడుతుంది కాబట్టి, 60 రోజులు దాటాక డాక్టరుకు చూపించండి. ముందే టెన్షన్ అక్కర్లేదు.