బిడ్డ దగ్గరికి అమెరికా ప్రయాణం: ఎఫ్‌డీ తీయాల్సిన పని లేదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రిటైర్డ్ టీచర్‌ని, వయసు 66. నా భార్యకు 61. డల్లాస్‌లో ఉన్న మా బిడ్డ దగ్గరికి అక్టోబర్‌లో వెళ్లి ఐదు నెలలు ఉండి రావాలనుకుంటున్నాం. పదేళ్ల విజిటర్ వీసా వచ్చింది. టికెట్లు అల్లుడే కొన్నాడు. నాకు షుగర్, ఆమెకు బీపీ. పెన్షన్ వస్తుంది, సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు కౌలుకిచ్చాం, బ్యాంకులో రూ.8 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాన్ని తీసి డాలర్లు కొనుక్కుని వెళ్తే బిడ్డకు భారం కాకుండా ఉంటామని నా ఆలోచన. ఎన్ని డాలర్లు తీసుకెళ్లాలి? ఇన్సూరెన్స్ తప్పదా?

జవాబు: సార్, ఎఫ్‌డీని ముట్టుకోకండి. బిడ్డ మీద భారం పడొద్దన్న మీ పట్టుదల అర్థమైంది. కానీ మీరు తినే అన్నం వల్లో, తిరిగే కారు పెట్రోలు వల్లో ఆమెకు భారం కాదు. భారమంటూ పడితే ఆస్పత్రి దగ్గరే పడుతుంది. అందుకే మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను.

అమెరికాలో 65 ఏళ్లు దాటినవారికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ విజిటర్లకు వర్తించదు. మన రిటైర్డ్ ఉద్యోగుల హెల్త్ కార్డు అక్కడ పనికిరాదు. ఛాతీలో నొప్పని ఎమర్జెన్సీకి వెళ్తే చూడకుండా తిప్పి పంపరు, చట్టం ఒప్పుకోదు. కానీ బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది. ఒక్క రాత్రి ఉన్నా వేల డాలర్లు కావచ్చు. మీ 8 లక్షలు రెండు మూడు రోజులకు కూడా చాలకపోవచ్చు.

పాలసీ కొనేటప్పుడు ప్రీమియం ఒక్కటే చూడకండి. చవకగా దొరికే ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్లు గదికి రోజుకు ఇంత, డాక్టరుకు ఇంత అని ముందే నిర్ణయించి, అంతవరకే ఇస్తాయి. మిగతాదంతా మీరే కట్టుకోవాలి. కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో డిడక్టబుల్, అంటే బిల్లులో మొదట మీ వాటాగా కట్టాల్సిన మొత్తం, మీరు భరించాక, పరిమితి వరకు ఎక్కువ భాగం కంపెనీ కడుతుంది. మీ ఇద్దరికీ నేను చెప్పేది ఇదే, తలా లక్ష డాలర్లకు తక్కువ కాకుండా. మీ షుగర్, ఆమె బీపీ ఇప్పటికే ఉన్న జబ్బులు కాబట్టి ‘అక్యూట్ ఆన్‌సెట్’ కవర్ ఉందా, మీ వయసుకు అది ఎంతవరకు ఇస్తుంది అని రాతపూర్వకంగా అడగండి. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితేనే అది పనిచేస్తుంది. మామూలు షుగర్ చెకప్‌కు రాదు. పాలసీ ఇక్కడ విమానం ఎక్కే రోజు నుంచి ఉండాలి. జబ్బులు దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ దగ్గర దెబ్బతింటారు.

ఐదున్నర నెలలకు సరిపడా మందులు, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలోనే పెట్టుకోండి. అక్కడ చీటీ లేకుండా షుగర్ మాత్రలు ఇవ్వరు. జ్వరం, దగ్గులాంటివైతే ఎమర్జెన్సీకి పరుగెత్తకుండా అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళ్తే ఖర్చు చాలా తగ్గుతుంది.

ప్రీమియానికి డబ్బు ఎక్కడిదంటారా? ఐదు నెలలు మీరు మిర్యాలగూడలో ఖర్చు పెట్టరు కదా. ఆ నెలల పెన్షన్ ఖాతాలోనే ఉంటుంది, దానికి కౌలు డబ్బు తోడవుతుంది. వెళ్లేముందే కట్టాలి కాబట్టి చేతిలో లేకపోతే ఎఫ్‌డీ మీద చిన్న లోను తీసుకుని, పెన్షన్‌తో తీర్చేయండి. గడువుకు ముందే ఎఫ్‌డీ తీస్తే వడ్డీ తగ్గుతుంది.

ఇక డాలర్లు. ఇద్దరికీ కలిపి 500 డాలర్లు నోట్లుగా, అందులో చిన్న నోట్లు కొన్ని, ఇంకో 1,500 డాలర్లు ఫారెక్స్ కార్డులో, అంటే ముందే డాలర్లు నింపుకునే కార్డులో. అంతకంటే అక్కర్లేదు. నోట్ల రూపంలో మనిషికి 3,000 డాలర్లకు మించి ఇవ్వరు కూడా. హైదరాబాద్‌లో ఆర్‌బీఐ లైసెన్సు ఉన్న మనీ చేంజర్లు ఇద్దరు ముగ్గురిని రేటు అడిగి కొనండి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఆఖరి నిమిషంలో కొనొద్దు, రేటు బాగుండదు. ఏడాదికి రూ.10 లక్షల లోపు పంపినా, కొన్నా టీసీఎస్, అంటే అప్పుడే వసూలు చేసే పన్ను, ఉండదు కాబట్టి ఆ బెంగ వద్దు. మామూలు క్రెడిట్ కార్డు అక్కడ గీస్తే చాలా బ్యాంకులు 3.5 శాతం, దానిపై జీఎస్టీ వేస్తాయి. డాలరు రూ.90 అనుకుంటే వెయ్యి డాలర్లకు రూ.3,700 పైనే అదనం. ఎక్కడైనా మెషీన్ ‘రూపాయల్లోనా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లే నొక్కండి.

డల్లాస్‌లో రేటు చీటీ మీద ఉన్నది చివరి ధర కాదు, బిల్లులో 8.25 శాతం అమ్మకపు పన్ను కలుస్తుంది. బియ్యం, కూరగాయలకు అది లేదు. హోటల్లో కూర్చుని తింటే 15 నుంచి 20 శాతం టిప్పు మామూలే, బిడ్డ కడుతుంటే మొహమాటపడకండి.

సామాన్ల విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతాను. కరివేపాకు, పండ్లు, మాంసం పచ్చళ్లు పెట్టుకోవద్దు. మామిడికాయ పచ్చడి, పొడులు తీసుకెళ్లవచ్చు, కానీ తినేవి ఉన్నాయని కస్టమ్స్ దగ్గర తప్పక చెప్పాలి. దాచి దొరికితే వందల డాలర్ల జరిమానా పడొచ్చు. బంగారం లాకర్లో పెట్టి వెళ్లండి.

వీసా పదేళ్లు ఉన్నంత మాత్రాన పదేళ్లు ఉండొచ్చని కాదు. ఎన్నాళ్లుండాలో దిగినప్పుడు అధికారి నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలల లోపు. ఏ తేదీ వరకు ఉండొచ్చో చూపే ఐ-94 రికార్డు ఆన్‌లైన్‌లో ఉంటుంది. దిగిన వారంలోనే బిడ్డతో తీయించి, తిరుగు టికెట్ తేదీ దానికంటే ముందుందో లేదో చూసుకోండి. ఆ తేదీ దాటితే వీసా చెల్లకుండా పోతుంది.

వెళ్లేముందు మీ బ్యాంకుకు సంబంధించిన సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించండి, లేకపోతే ఓటీపీలు రావు. సబ్ ట్రెజరీకి వెళ్లి, మీరు లేని ఈ నెలల్లో లైఫ్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలో, ఫోన్లో జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్‌తో చేస్తే తీసుకుంటారో లేదో అడగండి. ఇది టికెట్లంత ముఖ్యం. మీ ప్రీమియం లెక్క నిలబడాలంటే ఐదు నెలలూ పెన్షన్ ఆగకుండా పడాలి.