రంపం మిషన్: వాట్లు చూసి మోసపోకండి

ప్రశ్న: కడప బండలు కోయడానికి కొన్న నాలుగంగుళాల మార్బుల్ కట్టర్ ఇంట్లో ఉంది. ఇప్పుడు వేప కొయ్యతో మంచం, ప్లైవుడ్‌తో అల్మారా చేసుకోవాలి. దానికే చెక్క బ్లేడు బిగిస్తే చాలదా? సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడున్న రంపం మిషన్) కొనాల్సిందే అయితే ఏళ్ల తరబడి నిలిచేదాన్ని ఎలా పోల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: చాలదండి. కట్టర్‌కు కింది గార్డు, అంటే బ్లేడు కింది పళ్లను కప్పే కదిలే మూత, ఉండదు. స్విచ్ వదిలాక కూడా పళ్లు బయటే తిరుగుతుంటాయి, అదీ నిమిషానికి 12, 13 వేల చుట్ల వేగంతో మొదలై. సర్క్యులర్ సా వేగం సుమారు 5 వేలే. పైగా 110 మి.మీ. బ్లేడు 34 మి.మీ. మించి దిగదు. మంచం కోడును రెండు వైపుల నుంచి కోయాలి, ఆ రెండు కోతలు ఒకచోట కలవవు. బండల పొడి తిన్న బేరింగుల సంగతి సరేసరి.

ఇంటి పనికి 7 అంగుళాల (185 మి.మీ.) బ్లేడు, 1200 నుంచి 1400 వాట్ల మిషన్ సరిపోతుంది. 65 మి.మీ. దాకా కోస్తుంది. అంతకుమించిన వాట్ల కోసం డబ్బు పెట్టేకంటే బేస్ ప్లేటు (చెక్క మీద ఆనే అడుగు రేకు) మందంగా ఉన్నది తీసుకోండి. పలచటి రేకు ప్లేటు ఒక్కసారి కిందపడితే వంగుతుంది. ఆ తర్వాత కోత నిటారుగా రాదు, బ్లేడు చెక్కలో ఇరుక్కుంటుంది.

అంగడికి మూలమట్టం తీసుకెళ్లండి. ప్లగ్ తీసి, లోతు పూర్తిగా దించి, బేస్ ప్లేటుకూ బ్లేడు ఒంటికీ ఆనించి, బ్లేడు నిటారుగా ఉందో లేదో చూడండి. పళ్లకు ఆనిస్తే లెక్క తప్పుతుంది, అవి బ్లేడు ఒంటికంటే రెండు పక్కలకూ కాస్త బయటికి ఉంటాయి. కింది గార్డు ఎత్తి వదిలితే టక్కున మూసుకోవాలి. బ్లేడును అటూఇటూ కదిపితే వదులుగా ఊగకూడదు. కార్బన్ బ్రష్షుల (మోటారుకు కరెంటు అందించే, అరిగిపోయే ముక్కల) మూతలు బయటి నుంచే విప్పేలా ఉన్నాయా, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం), స్విచ్ కడపలోనే దొరుకుతాయా అని అడగండి. స్పేర్లు దొరకని మిషన్ ఎంత చవకైనా దండగే.

మోటారు కాలేది ఎక్కువగా మొద్దుబారిన బ్లేడు వల్ల, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వల్ల. 1400 వాట్లంటే దాదాపు 6 ఆంపియర్లు. వైరు 2.5 చదరపు మి.మీ. ఉండాలి, చుట్ట మొత్తం విప్పి వాడాలి. ఊళ్లో వోల్టేజీ పడిపోయిన వేళ శబ్దం మందగిస్తే నెట్టకండి. బ్రష్షులు 5, 6 మి.మీ.కి అరిగితే రెండూ కలిపి మార్చండి.

చెక్క పీచు వెంట కోసే నిలువు కోతకు 24 పళ్ల బ్లేడు, ప్లైవుడ్‌కు 40 నుంచి 60 పళ్లది. పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి సన్‌మైకా ఉన్న మంచి వైపు నేలకు ఉండాలి.

ప్రశ్న: సగం కోశాక మిషన్ వెనక్కి తంతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: పలక రెండు చివర్లు స్టూళ్ల మీద పెట్టి మధ్యలో కోస్తున్నారేమో. పలక కుంగి బ్లేడును పట్టేస్తుంది. కోత గీతకు రెండు పక్కలా కింద కొయ్యలు పెట్టండి. పచ్చి వేప అయితే కోసిన సందు దానంతటదే మూసుకుంటుంది. మిషన్ ఆపి, వెనక సందులో చిన్న చెక్క చీల దూర్చి ముందుకు సాగండి. బ్లేడు చెక్క కింద 5 మి.మీ. మించి బయటికి రాకూడదు. మీరు మిషన్‌కు సూటిగా వెనక కాకుండా పక్కకు నిలబడాలి.