డాంగిల్ స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో నాయిస్ ఫ్లోర్ మెట్లు మెట్లుగా వస్తోంది, డాంగిల్ పాడైందా?

యూఎస్‌బీ రేడియో రిసీవర్ డాంగిల్‌తో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా, అంటే ఎఫ్ఎం బ్యాండ్ అంతా స్వీప్ చేస్తే నాయిస్ ఫ్లోర్ (సిగ్నల్ లేనిచోట ఉండే అడుగు రొద) మెట్లలా కనిపిస్తోందని, ఒకే స్టేషన్ ఒక్కోసారి ఒక్కో ఎత్తు చూపిస్తోందని రాశారు. మీ డాంగిల్ బాగానే ఉంది. నాకూ అచ్చం ఇలాగే వస్తే ఇంకోటి కొని చూశాను, అదీ అంతే.

దీనికి కారణం ఏజీసీ, అంటే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్. సిగ్నల్ బలాన్ని బట్టి గెయిన్‌ని, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచాలో దాన్ని, తనంతట తానే మార్చేస్తుంది. ఆర్‌టీఎల్ డాంగిల్ ఒకేసారి చూడగలిగేది సుమారు 2.4 మెగాహెర్ట్జ్. 20 మెగాహెర్ట్జ్ చూడాలంటే ముక్క ముక్కగా జరుగుతూ పోవాలి. బలమైన స్టేషన్ ఉన్న ముక్కలో ఏజీసీ గెయిన్ తగ్గిస్తుంది, ఖాళీ ముక్కలోకి రాగానే పెంచేస్తుంది. దాంతోపాటే నాయిస్ ఫ్లోరూ దిగి ఎక్కుతుంది. మీకు కనిపించే మెట్లు అవే. పాటలు వినడానికి ఏజీసీ చాలా మంచిది. కొలవడానికి మాత్రం పనికిరాదు. తూకం తూకానికీ రాళ్లు మారిపోయే తక్కెడతో ఏం తూస్తాం?

నన్ను రెండు వారాలు తిప్పలు పెట్టిన సంగతి ఒకటుంది. ఇందులో ఏజీసీలు రెండు. ఒకటి స్టేషన్‌ని పట్టే ఆర్820టీ ట్యూనర్‌లో, రెండోది ఆ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే ఆర్‌టీఎల్2832యూ చిప్‌లో. నేను ట్యూనర్ గెయిన్ మాన్యువల్‌లో పెట్టి, ఇక అయిపోయిందనుకున్నాను. రెండోది ఆన్‌లోనే ఉండిపోయింది. రెండూ విడివిడిగా ఆపాలి. స్వీప్ చేయడానికి ఆర్‌టీఎల్ పవర్ ప్రోగ్రామ్ వాడుతుంటే గెయిన్ విలువ మీరే ఇవ్వండి, ఇవ్వకపోతే ట్యూనర్‌ని ఆటోమేటిక్‌లోనే నడుపుతుంది.

నిజంగా ఆగాయో లేదో తెలుసుకోవడానికి నేను కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు కొని సిగ్నల్‌ని తగ్గించే చిన్న అటెన్యుయేటర్ చేశాను: సిరీస్‌లో 68 ఓమ్‌లు, రెండు పక్కలా గ్రౌండ్‌కి 100 ఓమ్‌లు. 50 ఓమ్‌ల లైన్‌లో ఇది దాదాపు 9.7 డెసిబెల్స్ తగ్గిస్తుంది. యాంటెన్నాకీ డాంగిల్‌కీ మధ్య పెట్టి చూడండి. స్టేషన్ సుమారు 10 డెసిబెల్స్ దిగితే సరే. దిగాల్సినంత దిగకపోతే ఎక్కడో ఏజీసీ ఇంకా పనిచేస్తూ ఆ లోటు పూడుస్తోందని అర్థం.

ఇదే అటెన్యుయేటర్‌తో ఓవర్‌లోడ్, అంటే బలమైన సిగ్నళ్లని ట్యూనర్ తట్టుకోలేకపోవడం కూడా తెలుస్తుంది. హైదరాబాద్‌లో మా డాబా మీద గెయిన్ 49.6 డెసిబెల్స్‌కి, అంటే చివరిదాకా పెడితే 103.7 దగ్గర ఒక సిగ్నల్ కనిపించేది. 101.9 రెయిన్‌బో, 102.8 వివిధ భారతి ట్యూనర్‌లో కలిసిపోయి పుట్టించినది అది. 102.8ని రెండింతలు చేసి 101.9 తీసేస్తే వచ్చేది 103.7 కదా. అటెన్యుయేటర్ పెట్టగానే అసలు స్టేషన్లు 10 దిగాయి, అది మాత్రం పూర్తిగా మాయమైంది. ఇలాంటివి మూడింతలు, అంటే దాదాపు 30 డెసిబెల్స్ పడిపోతాయి.

గెయిన్ ఎంత పెట్టాలంటే, ముందు బ్యాండ్‌లో అన్నిటికన్నా బలమైన స్టేషన్ మీదికి వెళ్లండి. ఇలాంటి దొంగ సిగ్నళ్లు పోయేదాకా తగ్గించి, స్వీప్ మొత్తం అక్కడే ఉంచండి. బలహీనమైనవి కొన్ని మునిగిపోతాయి. సిగ్నల్‌ని అంకెలుగా మార్చే ఏడీసీ 8 బిట్లే కాబట్టి అది తప్పదు. ఎఫ్ఎం బ్యాండ్ బయటి బలహీనమైన సిగ్నళ్లకైతే గెయిన్ పెంచి, ఎఫ్ఎం బ్యాండ్‌ని ఆపే ఫిల్టర్ పెట్టి, వేరే స్వీప్ చేసుకోండి. రెండు స్వీప్‌లనీ ఒకే గ్రాఫ్‌లో కలపకండి.

అటెన్యుయేటర్ పెట్టాక ఎన్ని డెసిబెల్స్ దిగిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.