వాచ్‌డాగ్ టైమ్ జోలికి పోకండి, ముందు టీమాక్స్ చూడండి

"మీసా 7ఐ76ఈ బోర్డుతో పాత మిల్లింగ్ మెషీన్‌ను లినక్స్‌సీఎన్‌సీ మీద నడుపుతున్నాం. జాబ్ మధ్యలో 'ఎర్రర్ ఫినిషింగ్ రీడ్' అని వచ్చి ఆగిపోతోంది. డ్రైవర్‌లో వాచ్‌డాగ్ టైమ్ పెంచితే సరిపోతుందా?" అని కదా మీరు అడిగింది.

సరిపోదు, పైగా ప్రమాదం. లినక్స్‌సీఎన్‌సీ అంటే కంప్యూటర్‌తో మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, మీసా బోర్డు దానికీ మోటార్లకూ మధ్య ఉండేది. బోర్డు జవాబు కంప్యూటర్‌కు సమయానికి అందలేదని ఆ ఎర్రర్‌కు అర్థం. కంప్యూటర్ నుంచి మాట రాకపోతే బోర్డు తనంతట తానే పల్స్‌లు ఆపేసే కాపలా వాచ్‌డాగ్. ఈ బోర్డులో మోటార్లను కదిపే స్టెప్ పల్స్‌లు కొట్టేది దాని మీదున్న ఎఫ్‌పీజీఏ అనే చిప్. కంప్యూటర్ మిల్లీసెకనుకోసారి ఎంత వేగంతో పోవాలో చెబుతుంది, అంతే. తర్వాతి మాట అందేదాకా బోర్డు పాత వేగంతోనే పల్స్‌లు కొడుతూ పోతుంది. యాక్సిస్ నిమిషానికి 6000 మిల్లీమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 100 మిల్లీమీటర్ల చొప్పున పోతోందనుకోండి. వాచ్‌డాగ్ మామూలుగా 5 మిల్లీసెకన్లకు పెట్టి ఉంటుంది. కంప్యూటర్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే యాక్సిస్ అర మిల్లీమీటరు పోయేసరికి పల్స్‌లు ఆగిపోతాయి. మీరు దాన్ని 100 మిల్లీసెకన్లు చేశారంటే 10 మిల్లీమీటర్లు పోతుంది. ఆ 10 మిల్లీమీటర్లలో జాబ్‌ను పట్టి ఉంచే వైస్ ఉండొచ్చు, ఆపరేటర్ చెయ్యీ ఉండొచ్చు. ఎర్రర్ రాకుండా చేయడానికి వాచ్‌డాగ్ పెంచమని సలహా ఇచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో అచ్చం ఇదే గొడవ. అల్యూమినియం ప్లేట్లలో పాకెట్లు తీస్తారు, ఒక్కో ప్లేటుకు గంటకు పైనే పడుతుంది. నేను వెళ్ళేసరికే కేబుల్ మార్చేశారు, బోర్డు కూడా కొత్తది తెప్పించి పెట్టేశారు, అయినా ఆగుతూనే ఉంది. కట్టర్ జాబ్‌లో ఇరుక్కుపోయి ఉంది, ప్లేటు స్క్రాపే. ఆపరేటర్ కుర్రాడు ఒక మూల నిలబడి, "సార్, మనం దగ్గరుంటే ఆగదు. చాయ్‌కి పోతేనే ఆగుతది" అన్నాడు. ఓనర్ విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయిందనిపించింది.

ప్రోగ్రామ్‌ను జాబ్ లేకుండా గాలిలో నడిపించి, లినక్స్‌సీఎన్‌సీ లోపలి విలువలు చూపించే హాల్‌షోలో బోర్డు రీడ్ ఫంక్షన్ తాలూకు టీమాక్స్‌ను, అంటే ఆ పనికి ఇప్పటిదాకా పట్టిన అత్యధిక సమయాన్ని, వాచ్‌లో పెట్టాం. అది ప్రాసెసర్ క్లాక్‌ల లెక్కలో ఉంటుంది. ప్రాసెసర్ 3 గిగాహెర్ట్జ్‌ది కాబట్టి 6 లక్షలు కనిపిస్తే 200 మైక్రోసెకన్లన్నమాట. కాసేపు అటూ ఇటుగా అంతే ఉంది. అప్పుడు ఎవర్నీ మౌస్ ముట్టుకోవద్దన్నాను. అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. కొంతసేపటికి స్క్రీన్ నల్లబడింది, మెషీన్ ఠక్కున ఆగింది. మౌస్ కదిపి చూస్తే టీమాక్స్ 24 లక్షలు దాటి ఉంది. ఈ డ్రైవర్ మామూలుగా థ్రెడ్ పీరియడ్‌లో, అంటే కంప్యూటర్ లెక్కలు ఒక విడత నడిచే వ్యవధిలో, 80 శాతం దాకా జవాబు కోసం ఎదురుచూస్తుంది. మిల్లీసెకను థ్రెడ్‌కు అది 800 మైక్రోసెకన్లు, అంటే సరిగ్గా ఆ 24 లక్షలే. డిస్‌ప్లే నిద్రపోయే క్షణంలో గ్రాఫిక్స్ డ్రైవర్ సిస్టమ్ మొత్తాన్ని పట్టి ఆపేస్తోంది. ఎవరైనా దగ్గరుండి మౌస్ కదుపుతుంటే స్క్రీన్ ఆరదు, మెషీనూ ఆగదు. కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం.

స్క్రీన్ ఆరిపోయే సెట్టింగ్ పూర్తిగా తీసేశాం. బయోస్‌లో సీ-స్టేట్స్, అంటే ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ నిద్రపోయే ఏర్పాటు, ఆపేశాం. నెట్‌వర్క్ కార్డులు ప్రాసెసర్‌ను ఊరికే లేపకుండా డేటా వచ్చిందని చెప్పే ఇంటరప్ట్‌లను పోగుచేసి ఒక్కసారిగా ఇస్తాయి. ఆఫీసు పనికి అది మంచిదే కానీ మెషీన్‌కు శాపం, అందుకే ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో, అలా పోగుచేసే సమయమైన ఆర్‌ఎక్స్-యూసెక్స్‌ను సున్నా చేశాం. బోర్డునూ, మెషీన్ భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కలవాలో రాసి ఉండే హాల్ ఫైల్‌నూ వేలు పెట్టి ముట్టుకోలేదు. ఆ మెషీన్ ఇప్పటికీ నడుస్తోంది.

కాబట్టి మీరూ ముందు కంప్యూటర్ సంగతి చూడండి. టెర్మినల్‌లో యూనేమ్ -వీ కొడితే ప్రీఎంప్ట్_ఆర్‌టీ అని రావాలి, అది సమయం తప్పకుండా పనిచేసే రియల్‌టైమ్ కర్నెల్ గుర్తు. 2024లో 6.12 కర్నెల్ నుంచి రియల్‌టైమ్ మెయిన్‌లైన్‌లో, అంటే అసలు లినక్స్ కర్నెల్‌లోనే, కలిసిపోయిందని చాలామంది ఏ కర్నెలైనా చాలనుకుంటున్నారు. డెబియన్‌లో దానికి వేరే ఆర్‌టీ ప్యాకేజీ ఉంది, అది వేసుకోవాల్సిందే. బోర్డుకు విడిగా ఒక ఈథర్నెట్ పోర్టు ఇవ్వండి, మధ్యలో స్విచ్ వద్దు, రౌటర్ అసలే వద్దు. బోర్డు మీదున్న జంపర్లతో దాని అడ్రస్‌ను 10.10.10.10కి మార్చి కంప్యూటర్ పోర్టుకు 10.10.10.1 ఇవ్వండి. మొదట్లో ఉండే 192.168.1.121 వర్క్‌షాపు వైఫై రౌటర్ అడ్రస్‌లతో కలగాపులగం అవుతుంది. ఇక రంగురంగుల లైట్ల గేమింగ్ పీసీ అమ్మజూపేవాళ్ళ మాట వినకండి. ఈ పనికి పాత ఆఫీసు డెస్క్‌టాప్‌ను మించింది లేదు, ఎవరేమన్నా నేను ఒప్పుకోను.

హాల్ ఫైల్ విషయంలో నా బాధ ఇంకొకటి. ఎవరి మెషీన్ ఫైలో తెచ్చి పేర్లు మార్చి పెట్టేస్తారు. థ్రెడ్‌లో వరుస ముఖ్యమండీ! ముందు బోర్డు రీడ్, తర్వాత మోషన్ ఫంక్షన్లు, పీఐడీ (యాక్సిస్ ఉండాల్సిన చోటికీ ఉన్న చోటికీ తేడాను సరిచేసే లెక్క), చివర బోర్డు రైట్. వరుస తప్పినా మెషీన్ కదులుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ పీఐడీ పాత రీడింగ్ మీద లెక్కవేస్తుంది, తర్వాత ఫాలోయింగ్ ఎర్రర్, అంటే యాక్సిస్ ఉండాల్సిన చోటుకు దూరమైందనే ఎర్రర్, ఎందుకొస్తోందని ట్యూనింగ్‌తో కుస్తీ పడతారు. అలాగే స్టెప్‌జెన్‌లు (పల్స్‌లు పుట్టించేవి), ఎన్‌కోడర్లు (స్థానం లెక్కించేవి) మీరు వాడేవే లోడ్ చేయండి.

ప్యానెల్ వైరింగ్ చేసేవాళ్ళకూ ఒక మాట. ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ప్యానెల్‌లో 24 వోల్టులు మొత్తం పోయేలా వైరింగ్ చేస్తున్నారు. ఈ బోర్డులో ఇన్‌పుట్, అవుట్‌పుట్ భాగానికి ఫీల్డ్ పవర్ విడిగా అందాలి, 8 నుంచి 32 వోల్టుల లోపు ఏదైనా సరే. అది లేకుండా లినక్స్‌సీఎన్‌సీ ఆన్ చేస్తే డ్రైవర్‌కు ఆ భాగం కనిపించదు, "ఇన్‌పుట్-00 పిన్ లేదు" అని ఎర్రర్ ఇచ్చి బయటికొచ్చేస్తుంది. దాన్ని చూసి డ్రైవర్ పాడైందని లినక్స్ మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినవాళ్ళను చూశాను. ఎమర్జెన్సీ సర్క్యూట్ మోటార్ల పవర్‌ను కట్ చేయాలి, ఫీల్డ్ పవర్‌ను అలాగే ఉంచాలి. అప్పుడే బటన్ నొక్కారన్న సంగతి కంప్యూటర్‌కూ తెలుస్తుంది.

మెషీన్‌ను ఒక షిఫ్ట్ అంతా గాలిలో నడిపించి, మధ్యలో మౌస్ ముట్టకుండా వదిలేసి, రీడ్ టీమాక్స్ ఎంతకు చేరిందో, మీ ప్రాసెసర్ ఎన్ని గిగాహెర్ట్జ్‌దో కామెంట్‌లో రాయండి. బోర్డు మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.