పళ్లు క్లీన్ చేస్తుంటే చేతికి తిమ్మిర్లు.. నేను ఈ పనికి పనికిరానా?

ప్రశ్న: నా వయసు 21. విశాఖపట్నంలో డెంటల్ హైజీనిస్ట్ కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లినిక్‌లో స్కేలింగ్ (పళ్లకు పట్టిన గార తీయడం) మొదలుపెట్టినప్పటి నుంచి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. మెడ పట్టేస్తోంది. మొన్న ఒకావిడ ‘నువ్వు క్లీన్ చేశాకే నా పళ్లు కదులుతున్నాయి, సందులు పడ్డాయి’ అని అందరి ముందూ గొడవ చేశారు. అప్పటి నుంచి చెయ్యి వణుకుతోంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు వస్తే ఇంకా టెన్షన్. నేను ఈ పనికి పనికిరానేమో అనిపిస్తోంది. - ఒక విద్యార్థిని

జవాబు: ముందు చేతి సంగతి చూద్దాం అమ్మా, ఎందుకంటే మీ భయాలన్నీ వచ్చి చేరుతున్నది ఆ చేతిలోకే. మీరు చెప్పిన మూడు వేళ్లకూ, ఉంగరపు వేలులో సగానికీ స్పర్శ ఇచ్చేది మీడియన్ నరం. అది మణికట్టు దగ్గర ఇరుకైన దారిలోంచి వస్తుంది, అక్కడ నలిగితే రాత్రిళ్లు తిమ్మిరి వస్తుంది, చెయ్యి విదిలిస్తే కాస్త హాయిగా ఉంటుంది. దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. చెయ్యి చూడకుండా మీకు అదేనని తేల్చలేను, మెడలో నరం నొక్కుకున్నా, థైరాయిడ్, షుగర్ తేడాగా ఉన్నా తిమ్మిర్లు రావచ్చు. అందుకే ఆలస్యం చేయకుండా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు గానీ న్యూరాలజిస్టుకు గానీ చూపించుకోండి, అవసరమైతే వాళ్లు నర్వ్ కండక్షన్ టెస్ట్ రాస్తారు. ఈలోగా రాత్రి మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుని పడుకోండి. పెయిన్ కిల్లర్లు మింగుతూ నెట్టుకురావద్దు. వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ తగ్గినట్టు కనిపించినా ఆ రోజే వెళ్లండి.

ఇక కుర్చీ దగ్గర. భయపడ్డ చెయ్యి పరికరాన్ని బిగించి పట్టుకుంటుంది, స్కేలింగ్ చేస్తున్న విద్యార్థి వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయంటే నాకు విషయం అక్కడే తెలిసిపోతుంది. దానికి తోడు గార గీకే పరికరం క్యూరెట్ మొద్దుబారి ఉంటే గార ఊడిరాదు, పైపైన నున్నగా అయి అక్కడే ఉండిపోతుంది, మీరేమో ఇంకా బలం పెడతారు. పేషెంట్ కూర్చునే ముందే అంచును ప్లాస్టిక్ టెస్ట్ స్టిక్ మీద ఆనించి చూడండి, పదునుంటే పట్టుకుంటుంది, లేకపోతే జారుతుంది. ఉంగరపు వేలు పక్క పంటి మీద గట్టిగా ఆనాలి, మణికట్టు తిన్నగా ఉండాలి, కదలిక వేళ్ల నుంచి కాక ముంజేతి నుంచి రావాలి. అల్ట్రాసోనిక్ స్కేలర్ కొస సెకనుకు పాతిక వేలసార్లు, అంతకంటే ఎక్కువ కూడా కంపిస్తుంది, పని చేసేది ఆ కంపనమే కాబట్టి తేలిగ్గా తాకిస్తే చాలు, నొక్కితే దాని పని అదే ఆగిపోతుంది. గ్లవ్స్ బిగుతుగా ఉంటే సైజు మార్చండి. పేషెంట్ నోరు మీ మోచేతి ఎత్తులో ఉండేలా కుర్చీ సర్దుకోండి, పైపళ్లు చేసేటప్పుడు పూర్తిగా పడుకోబెట్టి గడ్డం పైకి ఎత్తమనండి, వంగేది మీ మెడ కాకూడదు. మధ్యాహ్నంలోపు ఇన్ని కేసులు చూపించాలనే లెక్క ఉన్నచోట ఇవన్నీ పక్కకు పోతాయి. ఆ పద్ధతి నాకు అస్సలు నచ్చదు, మీ గైడ్‌తో నొప్పి సంగతి దాచకుండా చెప్పి కొన్ని వారాలు కేసులు తగ్గించమనండి.

ఇప్పుడు ఆవిడ విషయం. కింది ముందుపళ్ల వెనకాల, నాలుక వైపు గార ఎక్కువగా పేరుకుంటుంది, లాలాజల గ్రంథి నాళం తెరుచుకునేది అక్కడే. ఏళ్ల తరబడి పేరుకున్న గార కింద ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది. ఒరిగిన గోడకు ఆనించిన దుంగలా ఆ గారే పళ్లను పట్టి ఉంచుతుంది, అది తీసేస్తే లోపలున్న వదులు బయటపడుతుంది. పద్ధతిగా చేసిన స్కేలింగ్ వల్ల పళ్లు కదలవు. కానీ ఈ మాట తీశాక చెబితే సాకులా వినిపిస్తుంది, తీయకముందు చెబితే నమ్ముతారు. చేతికి అద్దం ఇవ్వండి. చిగురు లోతు కొలిచే డబ్ల్యూహెచ్‌ఓ ప్రోబ్ మీద 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల దాకా నల్ల పట్టీ ఉంటుంది కదా, అది చిగురులోకి పూర్తిగా దిగిపోతుంటే వాళ్లకే చూపించండి, ఏ పన్ను ఎంత కదులుతోందో వాళ్ల ఎదుటే కార్డు మీద రాయండి. రక్తం వచ్చేది వాచిన చిగురు నుంచి అని, వాపు తగ్గాక సందులు కనిపిస్తాయని, కొన్నాళ్లు చల్లటి నీళ్లకు జివ్వుమంటుందని ముందే చెప్పండి. ఆవిడతో వాదించకండి, మళ్లీ పిలిపించి మీ గైడ్ చేత చూపించండి.

బీపీ, షుగర్ వాళ్ల విషయంలో నిర్ణయాల బరువు మీరు మోయక్కర్లేదు. 1948 డెంటిస్ట్స్ యాక్ట్ హైజీనిస్ట్ పనిగా చెప్పింది స్కేలింగ్, క్లీనింగ్, పాలిషింగ్, నోటి శుభ్రత నేర్పడం. అడిగి రాయడం మీ వంతు, ఏం చేయాలో డాక్టర్ చెబుతారు. బీపీ 180/110 దాటితే క్లీనింగ్ వాయిదా వేయాల్సిందే. వాడే మాత్రల పేర్లు అడగండి, అమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. రక్తం పలచబడే మందు వాడుతున్నా, గుండెకు కృత్రిమ వాల్వ్ ఉన్నా గైడ్‌కు చెప్పకుండా ముట్టుకోకండి, ఆ మందు ఆపేయమని మీ అంతట మీరు అసలు చెప్పకండి.

మీరు విశాఖలో ఉన్నారు కాబట్టి ఒక్కటి గట్టిగా చెప్పాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీర గ్రామాల్లో అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇప్పటికీ ఉన్నారు. చుట్ట వెలిగే కొస నోట్లో ఉంటుంది కాబట్టి వేడంతా అంగిలికే తగులుతుంది, అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఇంటివాళ్ల ముందు అడిగితే చెప్పరు. వాళ్లు బయటకు వెళ్లాక ‘అడ్డపొగ అలవాటుందా అమ్మా’ అని నెమ్మదిగా అడిగి, అంగిలిని వెలుతురులో చూడండి. తెల్లగా మందంగా, ఎర్రగా, పుండుగా ఏమున్నా క్లీనింగ్ ఆపేసి డాక్టర్‌ను పిలవండి. ఆ నోటిని అరగంటసేపు దగ్గరగా చూసే మనిషి మీరొక్కరే కావచ్చు. అలాంటి పనికి మీరు పనికిరారని నేను అనుకోను, భయపడుతున్నారంటే పేషెంట్ గురించి పట్టింపు ఉందనే నాకు అనిపిస్తోంది.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయా? కాకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. పరికరం గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, పిండకుండా, వెంటనే క్యాజువాల్టీకి వెళ్లండి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. నర్వ్ టెస్ట్ చేయిస్తే ఆ రిపోర్టు వివరాలతో మళ్లీ రాయండి.